మిరప కల్లంలో లారీ హారన్

ఎవరైనా నా మెడలో దండ వేసి చేతికి మైకిస్తే చాలు, నేను తప్పకుండా చెప్పే మాట ఒకటుంది. "ఆంధ్రదేశంలో మిరప కల్లాన్ని వాన నుంచి కాపాడిన మొట్టమొదటి మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాం రాసినవాణ్ణి నేనేనండీ." జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు సన్నగిల్లేలోపు ఇంకో మాట కలుపుతాను. "అప్పటికి ఢిల్లీ వాళ్ళు కూడా ఆ చిప్పు మొహం చూడలేదు." మళ్ళీ కొడతారు.

ఇందులో నిజమెంత అంటే, కల్లం నిజం. వాన నిజం. చిప్పు కూడా నిజమే. ఢిల్లీ వాళ్ళ సంగతి నాకు తెలియదు, నేను ఎప్పుడూ విజయవాడ దాటి పోలేదు. ఇక 'కాపాడిన' అన్న మాట ఉంది చూశారూ, దాని దగ్గరే కొంచెం సర్దుకుని కూర్చోవాలి.

ఎనభయ్యో దశకం చివర్లో గుంటూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పేవాణ్ణి. ఒకరోజు మా ల్యాబుకి థర్మోకోల్ పెట్టెలో ఒక మైక్రోకంట్రోలర్ కిట్టు వచ్చింది. మా హెడ్డుగారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. "పాడైతే జవాబు చెప్పాల్సింది నేనండీ" అన్నారు. ఆ దసరాకి తక్కెళ్ళతో, కటకాలతో పాటు దానికీ కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఒక్కసారి కూడా స్విచ్చి వేయకుండానే పూజలందుకున్న యంత్రం అది.

దాన్ని వాడటం నేర్పే శిక్షణకి కాలేజీ తరఫున నన్ను ఎంపిక చేశారు. ఎంపిక అంటున్నాను గానీ, మిగతా వాళ్ళంతా పరీక్ష పేపర్లు దిద్దడానికి పోయారు. ఖాళీగా ఉన్న కుర్చీని పంపలేరు కాబట్టి నన్ను పంపారు.

శిక్షణ నుంచి వచ్చి బీరువా తాళం తీయించాను. పలకంత ఆకుపచ్చ బోర్డు. దాని మధ్య జెర్రిలాగా రెండు పక్కలా కాళ్ళున్న నల్ల చిప్పు. ఒక మూల ఎర్ర అంకెలు వెలిగే చిన్న కిటికీ, దాని కింద క్యాలిక్యులేటరు మీటల్లాంటి మీటలు. వాటి మీద అంకెలున్నాయి, అవి చాలవన్నట్టు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా ఉన్నాయి. ఆ చిప్పుతో ఏ పని చేయించాలన్నా పుస్తకంలో వెతికి, ఆ అంకెలూ అక్షరాలూ జంటలు జంటలుగా నొక్కాలి. ఒక్క జంట తప్పినా ప్రోగ్రాం ఎటో వెళ్ళిపోతుంది. ఎటు వెళ్ళిందో మాత్రం చెప్పదు. అలిగి వెళ్ళిన చుట్టంలాగా.

నా మొదటి ప్రోగ్రాం రెండే జంటలు. ఎనిమిది సున్నా, ఎఫ్ ఈ. అంటే, ఉన్నచోటి నుంచి ఉన్నచోటికే దూకు అని ఆజ్ఞ. చిప్పు దూకుతుంది, అక్కడే పడుతుంది, మళ్ళీ దూకుతుంది. బయటికి ఏమీ కనపడదు. నేను స్టాఫ్ రూముకి పోయి అందర్నీ పిలుచుకొచ్చాను.

"ఏం చేస్తోందండీ ఇది?" అన్నారు తెలుగు లెక్చరర్ గారు.

"సెకనుకి కొన్ని లక్షలసార్లు దూకుతోందండీ."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ పని మా డిపార్టుమెంటులో చిప్పు లేకుండానే జరుగుతోందండీ" అన్నారు.

ఆ మాట గుచ్చుకుంది. పట్టుబట్టి, పుస్తకం ముందేసుకుని, ఒక బుల్లి ఎర్ర దీపాన్ని వెలిగించి ఆర్పేదాకా తెచ్చాను. ఆ దీపం మొదటిసారి ఆరి మళ్ళీ వెలిగినప్పుడు నాకు కలిగిన గర్వం, తరవాత మా ఇంట్లో పిల్లలు పుట్టినప్పుడు కూడా కలగలేదు. ఈ ముక్క మా ఆవిడ చదవదని నమ్మకంతో రాస్తున్నాను.

ఆ గర్వం చల్లారకముందే అక్క వాళ్ళ ఊరికి పోయాను. సత్తెనపల్లి దారిలో ఊరు. మా బావ కౌలుకి పొలం తీసుకుని మిరప, పత్తి వేసేవాడు. ఊళ్ళో చర్చికి సంఘపెద్ద కూడా. ఇంటి ముందే కల్లం. కోసిన మిరపకాయ అందులో పరిచి ఎండబెట్టేవాళ్ళు. దూరం నుంచి చూస్తే ఇంటి ముందు ఎర్ర చీర ఆరేసినట్టుండేది.

అంతకుముందు ఏడు వాళ్ళకి పెద్ద దెబ్బ తగిలింది. మంచి శుక్రవారం మధ్యాహ్నం ఊరంతా చర్చిలో ఉంది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ప్రసంగాలు మైకులో మోగుతున్నాయి. ఆ హోరులో బయట వాన పడుతున్న సంగతి ఎవరికీ వినపడలేదు. ప్రార్థన ముగించి బయటికి వచ్చేసరికి కాయ నీళ్ళలో తేలుతోంది. ఎర్రగా ఉండాల్సింది తెల్లమచ్చలు పడి తాలుకాయ అయింది. గుంటూరు కొట్లలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"ఈ ఏడు కూడా తడిస్తే కౌలు వదిలేసుకోటమేరా" అన్నాడు బావ, నేను గడప తొక్కగానే. "మీ అక్క చూడు, గుడికి రానంటంది."

"రాను" అంది అక్క. "కల్లంలో కాయ ఉండగా మంచి శుక్రవారం నేను గుమ్మం దాటను. ఏడు మాటలూ ఇక్కడ కూర్చునే వింటా. మైకు పెడతారుగా, ఆ దేవుడికే కాదు, పక్క ఊరికి కూడా వినపడుద్ది."

"సంఘపెద్ద పెళ్ళామే రాకపోతే ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారే?"

"తాలుకాయ సంఘపెద్ద అనుకున్నారుగా పోయినేడు. అంతకంటే ఏమనుకుంటారు?"

నేను గొంతు సవరించుకున్నాను. నా జీవితంలో జరిగిన అనర్థాలన్నీ నేను గొంతు సవరించుకున్న తరవాతే మొదలయ్యాయి. "అక్కా, నువ్వు గుడికి పో. కల్లానికి కాపలా నా మిషన్ కాస్తుంది. వాన పడగానే హారన్ కొడుతుంది" అన్నాను.

అక్క నన్ను కిందికీ పైకీ చూసింది. "వాన పడితే చెప్పటానికి మిషనా? వాన పడితే మాకు తెలవదంట్రా? మీదే పడుద్దిగా!"

"మీరు గుళ్ళో ఉన్నప్పుడు అక్కా. మొదటి చినుక్కే కూస్తుంది. చర్చి ఇక్కడికి కూతవేటు దూరమేగా, వచ్చి పట్టాలు కప్పుకోవచ్చు."

బావకి మాత్రం ఆశ పుట్టింది. పక్కూరి మెకానిక్కు దగ్గర పాత లారీ హారన్ ఒకటి, దాన్ని మోగించడానికి ఒక ట్రాక్టరు బ్యాటరీ తెచ్చాడు. నేను హెడ్డుగారి కాళ్ళావేళ్ళా పడి కిట్టు తెచ్చాను. 'ఒడిలో పెట్టుకుని తీసుకెళ్ళండి, బస్సులో కింద పెట్టకండి' అని ఆయన చెప్పిన మాట ప్రకారం పసిబిడ్డలాగా ఒడిలో పెట్టుకునే తెచ్చాను. పక్క సీటు ముసలమ్మ రెండుసార్లు తొంగి చూసి, "పేరు పెట్టారా నాయనా?" అని కూడా అడిగింది. ఈ ముసలమ్మని నేను ఇప్పుడే కల్పించాను. ఒడిలో పెట్టుకోవడం మాత్రం నిజం.

ఏర్పాటు సులువే. ఒక పగిలిన పలక మీద రెండు తీగలు ఒకదానికొకటి తగలకుండా పక్కపక్కన బిగించి, ఆ పలకని కల్లం మధ్యలో కాయ మీద పెట్టాను. చినుకు పడితే తడి రెండు తీగల్నీ కలుపుతుంది. ఆ కబురు కిట్టుకి చేరుతుంది. కిట్టు హారన్ మోగిస్తుంది. కిట్టుకి కరెంటు వసారాలోని ప్లగ్గు నుంచి, హారనుకి కరెంటు ట్రాక్టరు బ్యాటరీ నుంచి. ఈ వాక్యం గుర్తుంచుకోండి, మా అక్క తరవాత గుర్తు చేస్తుంది.

మర్నాడు పొద్దున్నే, ఇంకా పళ్ళు తోముకుంటుండగానే, హారన్ మోగింది. లారీ ఇంట్లోకి వచ్చినట్టు మోగింది. చుట్టుపక్కల కల్లాల వాళ్ళు దుప్పట్లు విసిరేసి పరిగెత్తుకొచ్చి గబగబా పట్టాలు కప్పేశారు. కప్పాక తలెత్తి చూశారు. ఆకాశం తోమిన ఇత్తడి పళ్ళెంలా ఉంది. మబ్బు తునక లేదు. తలదించి చూశారు. మా బావ కల్లం మధ్యలో బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో చెంబు. చెంబులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. బాగా ఎండిన కాయని అలాగే బస్తాల్లోకి తొక్కితే పొడైపోతుంది. అందుకని తొక్కే ముందు నాలుగు నీళ్ళు చల్లి మెత్తబరుస్తారు. నాలుగు నీళ్ళు అంటే ఎన్ని అనేది ఎవరి మనస్సాక్షి వాళ్ళది. కాయ మెత్తబడితే బరువు కూడా కాస్త పెరుగుతుంది, ఆ సంగతి మాత్రం ఎవరూ అనరు. అందరూ చల్లుతారు. ఎవరూ చల్లరు. కొనే బేరగాడికి తెలుసు, అమ్మే రైతుకి తెలుసు, అయినా ఇద్దరూ ఎదురుపడితే మంచు బాగా కురిసిందని మాట్లాడుకుంటారు. చుట్టు రెండు మండలాల్లో ఇంత మర్యాదగా నడుస్తున్న వ్యవహారాన్ని, నా ప్రోగ్రాం లారీ హారన్ పెట్టి చాటింది.

"ఏరా, నీ కల్లంలో ఒక్కదాన్లోనే పడిందా వాన?" అన్నాడు పక్క కల్లం ఆయన, పట్టా అంచు చేతిలోనే పట్టుకుని.

"మంచు" అన్నాడు బావ.

"మంచా? చెంబుతో పడిందా?"

వాళ్ళు వెళ్ళాక బావ నా దగ్గరికి వచ్చాడు. కోపంగా ఉన్నప్పుడు ఆయన నన్ను గారు అంటాడు. "లెక్చరర్ గారూ, వాన నీళ్ళకి, నా నీళ్ళకి తేడా తెలవదా మీ మిషనుకి?"

ఆ ప్రశ్నని నేను ఇప్పటికీ తక్కువ చేయను. దానికి జవాబు వెతుకుతుంటేనే నేను నిజంగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. వాన అయితే అంతటా పడుతుంది. బావ చల్లేది కల్లంలోనే. కాబట్టి ఇంటి డాబా మీద ఇంకో పలక పెట్టాలి. కల్లం పలక, డాబా పలక రెండూ తడిస్తేనే హారన్. పుస్తకంలో వెతికితే సరిగ్గా 'ఇదీ, అదీ రెండూ' అని అర్థమిచ్చే ఆజ్ఞ దొరికింది. ఎంత తేలిగ్గా దొరికిందంటే, సరిచూసుకోవాలని కూడా అనిపించలేదు. "ఇక చల్లుకో బావా. దీనికిప్పుడు జ్ఞానం వచ్చింది" అన్నాను.

బేరగాడు వచ్చే రోజు వచ్చింది. గుంటూరు మిర్చి కొట్టు తరఫు మనిషి. మిట్టమధ్యాహ్నం బస్సుకి వస్తానని కబురు పెట్టాడు. అందుకని బావ పొద్దున్నే ధైర్యంగా బకెట్టు నింపుకున్నాడు. ఆ పెద్దమనిషి మొదటి బస్సుకే దిగి, చేతిలో గొడుగు ఊపుకుంటూ కల్లం మలుపు తిరిగాడు. బావ మొదటి చెంబు చల్లాడు.

హారన్ మోగింది.

నేను కిట్టు దగ్గరికి దూకాను. డాబా పలక ఎండలో పొడిగా ఉంది. రెండూ తడిస్తేనే మోగాలిగా? ఎందుకు మోగిందో అప్పుడు అర్థం కాలేదు, ఆ మధ్యాహ్నం తల పట్టుకుని కూర్చుంటే అర్థమైంది. నాకు తడి అంటే ఒకటి, పొడి అంటే సున్నా. నేను తీగలు కలిపిన తీరు వల్ల ఆ చిప్పుకి మాత్రం తడి అంటే సున్నా, పొడి అంటే ఒకటి. అంటే నేను 'రెండూ తడిస్తే మోగు' అనుకుని చెప్పింది, దానికి 'రెండూ పొడిగా ఉంటేనే ఊరుకో' అని వినపడింది. ఏ ఒక్కటి తడిసినా అది ఊరుకోదు. చెప్పినట్టే చేసింది పాపం. నేను చెప్పాలనుకున్నట్టు చేయలేదు, అంతే.

బేరగాడు ఆగాడు. ఆకాశం చూశాడు. గొడుగు విప్పాడు, నెమ్మదిగా, నవ్వకుండా. ఆ గొడుగు కింద నిలబడి బావని పలకరించాడు.

"మీ ఊళ్ళో వానగా ఉన్నట్టుందండీ."

బావ చెంబు వెనక్కి దాచుకున్నాడు. "లేదండీ, అది మా బామ్మర్ది... సైన్సండీ."

"అట్టాగాండీ. సైన్సు ఆరినాక కబురు పెట్టండి. పండగ వెళ్ళినాక వస్తా" అని, గొడుగు ముడవకుండానే వచ్చిన దారిన పోయాడు.

అంటే, ఆ రోజు బస్తాల్లోకి ఎక్కాల్సిన కాయ మళ్ళీ కల్లంలో పరుచుకుంది. మంచి శుక్రవారం ముంచుకొస్తోంది. పోయినేడు ఏ రోజున జరగకూడనిది జరిగిందో, ఈ ఏడు అదే రోజుకి కాయని మళ్ళీ బయట పడుకోబెట్టింది నేనే. బావ నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం వడ్డించేటప్పుడు అక్క గరిటెని గిన్నెకేసి కొట్టిన తీరులో వాక్యాలకి వాక్యాలు వినపడ్డాయి.

నేను తప్పు దిద్దాను. ఈసారి కల్లం పలక మీద నీళ్ళు పోసి చూశాను, మోగలేదు. డాబా మీద పోశాను, మోగలేదు. రెండింటి మీదా పోయించాను, మోగింది. అక్క చేత కూడా పోయించి చూపించాను. అప్పటికి ఆమె గుడికి రావడానికి ఒప్పుకుంది. మిషన్ మీద నమ్మకంతో కాదు. "నువ్వు ఎట్టాగూ మమ్మల్ని ముంచావు. ఇక్కడ కూర్చుని చూడటం కంటే అక్కడ కూర్చుని ప్రార్థన చేసుకోటం నయం" అంది.

మంచి శుక్రవారం మధ్యాహ్నం ఊరంతా చర్చిలో ఉంది. నేను వెనక వరసలో, చెవి కల్లం వైపు పెట్టి కూర్చున్నాను. పాస్టరు అయ్యగారు మైకులో మూడో మాట మీద ప్రసంగిస్తున్నారు. వాక్యం మధ్యలో మైకు చచ్చిపోయింది. పంకాలు మెల్లగా తిరిగి ఆగాయి. కరెంటు పోయింది.

ఆ కిట్టు జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే. కరెంటు పోతే నేను నొక్కిన జంటలన్నీ ఆవిరి. ఇప్పుడు కల్లం దగ్గర ఉన్నది బుర్ర ఖాళీ అయిన చిప్పు, మీటలు, తీగలు. కరెంటు తిరిగి వచ్చేసరికి నేను అక్కడ ఉండి, మొత్తం ప్రోగ్రాం మొదటి జంట నుంచి మళ్ళీ కొట్టాలి. ఇంకో ఆలోచన లేదు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, తలుపు తోసుకుని పరుగు లంకించుకున్నాను.

బావ ఆ పరుగు చూశాడు. ఆయన కొనసీట్లో ఉన్నాడు. సంఘపెద్దనన్న సంగతి మరిచిపోయి, "వానరోయ్!" అని ఒక్క కేక వేశాడు. అంతే. రెండు వరసల మగాళ్ళు, మూడు వరసల ఆడాళ్ళు, కండువాలు, కొంగులు, చంటిపిల్లలు, అంతా నా వెనకే. మూడో మాట దగ్గర అయ్యగారు, హార్మోనియం పెట్టె మాత్రం మిగిలారు. కాసేపటికి అయ్యగారు కూడా వచ్చారట. ఆయనకీ అరెకరం కాయ ఉంది.

నేను వసారాలో కిట్టు మీదికి వంగాను. నా వెనక అందరూ ఎవరి కల్లాల మీద వాళ్ళు పడ్డారు. పట్టాలు లాగుతున్నారు, అంచుల మీద రాళ్ళు పెడుతున్నారు, తిట్టుకుంటున్నారు. ఎవరూ చినుకు పడిందా అని చూడలేదు, ఎందుకంటే అందరూ అప్పటికే పడిందనుకున్నారు. ఆఖరి అంచు మీద బావ రాయి పెట్టాడో లేదో, పల్నాడు వైపు నుంచి గాలి దుమ్ము తోలుకుంటూ వచ్చింది. కరెంటు తీగలు ముందు తెంపింది ఆ గాలేనని తరవాత తెలిసింది. దాని వెనక వాన. వడగళ్ళతో సహా.

పట్టాల మీద ఆ చప్పుడు వింటూ ఊరు ఊరంతా మా వసారాలో ఇరుక్కుని నిలబడింది. హారన్ మాత్రం మోగలేదు. కరెంటు లేదుగా.

ఆ ఏడు మా బావ కాయ ఎర్రగానే గుంటూరు చేరింది. పండగ వెళ్ళాక బేరగాడు గొడుగు లేకుండా వచ్చాడు. అతను వచ్చే రోజు పొద్దున బావ నా దగ్గరికి వచ్చి, చాలా మర్యాదగా, "కాసేపు ఆ మిషన్ తీసి లోపల పెడతావా? రాత్రి మంచు సరిగ్గా కురవలేదు" అన్నాడు. చేతిలో బకెట్టు ఉంది.

ఈస్టరు ఆరాధనలో అయ్యగారు నన్ను నిలబెట్టి, విజ్ఞాన శాస్త్రం కూడా దేవుడి పనిముట్టేనని చెప్పారు. మొదటి చినుక్కి ముందే పసిగట్టిన యంత్రం అన్నారు. నేను చేతులు కట్టుకుని, వినయంగా తల ఊపాను. అప్పుడు ఊపిన తలే, ఇప్పటి సన్మానాల దాకా ఊగుతూనే ఉంది.

అసలు సంగతి తెలిసింది అక్కకొక్కదానికే. ఆ రోజు నా వెనకే మొదట వచ్చింది ఆమె. ఊరంతా పట్టాలు లాగుతుంటే నేను చీకటైపోయిన కిట్టు ముందు కూర్చుని మీటలు నొక్కుతుండటం చూసింది. నేను గుంటూరు బయల్దేరుతుంటే, వసారాలో తీగలు చుట్టి పెడుతూ అడిగింది.

"ఒరేయ్, ఈ ట్రాక్టరు బ్యాటరీ దేనికి?"

"హారన్ మోగటానికి అక్కా."

"ఇది కరెంటు పోయినా పని చేసుద్దిగా?"

"చేస్తుంది."

"మరి ఆ చిప్పుకి కూడా దీన్లోంచే ఇస్తే పోయేది కాదంట్రా?"

ఇచ్చి ఉండొచ్చు. ఆ బ్యాటరీ కరెంటుని చిప్పు తట్టుకునేంతకి తగ్గించే చిన్న సామాను మా ల్యాబులో డబ్బా నిండా ఉంది. నేనే పాఠం చెప్పేవాణ్ణి దాని మీద. అరవడానికి బ్యాటరీ పెట్టాను, ఆలోచించడానికి పెట్టలేదు. "అది చాలా పెద్ద సబ్జెక్టు అక్కా" అని బస్సెక్కాను.

మరుసటి ఏడు మిరపకోతల కాలంలో పక్క కల్లాల వాళ్ళు నలుగురు వచ్చి, మాకూ ఆ మిషన్లు చేయించి పెట్టమని బావని అడిగారట. అక్క లోపల్నుంచే జవాబు చెప్పిందట. "మిషన్లు ఎందుకయ్యా, మావాణ్ణి పిలిపించండి. వాడు పరిగెత్తితే వాన వచ్చినట్టే."

వాళ్ళు నిజంగానే పిలిపించారు. మంచి శుక్రవారానికి నేను వెళ్ళేసరికి చర్చిలో తలుపు పక్కన, దారికి ఏ అడ్డూ లేకుండా, నాకోసం ఒక కుర్చీ వేసి ఉంచారు. ఏడు మాటలూ అయ్యేదాకా అయ్యగారి మొహం వైపు ఒక్కరూ చూడలేదు. ఊరంతా నా కాళ్ళనే చూస్తూ కూర్చుంది.